కారు బతికినన్నాళ్లూ కోడ్ బతకాలి
1986లో డెట్రాయిట్‌లో జరిగిన ఆటోమొబైల్ ఇంజనీర్ల సదస్సులో జర్మన్ సంస్థ బాష్ క్యాన్ బస్ అనే కొత్త పద్ధతిని ప్రకటించింది. అప్పటిదాకా కారులో ఒక్కో పరికరానికీ వేరుగా తీగలు లాగేవారు. ఈ పద్ధతిలో ఇంజిన్, బ్రేకులు, డాష్‌బోర్డు ఒకే జత తీగల మీద సమాచారం పంచుకుంటాయి. బరువు తగ్గింది, ఖర్చూ తగ్గింది. అయితే తీగ మీద వచ్చిన ఆజ్ఞ ఎవరు పంపారని అడిగే ఏర్పాటు మాత్రం అందులో లేదు. వీధి తలుపుకు తాళం ఉండగా లోపలి గదులకు గడియలెందుకని అనుకున్న కాలమది. ఆ ఇంజనీర్లను తప్పుపట్టలేం. బయటి నెట్‌వర్కుతో కారుకు అప్పుడు సంబంధమే లేదు.

ఆ సంబంధం తర్వాత బ్లూటూత్‌తో, సెల్ సిగ్నల్‌తో ఏర్పడింది. 2010లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, శాన్ డియెగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక కారుకు లాప్‌టాప్ తగిలించి బ్రేకులు పడకుండా చేసి చూపారు. మరుసటి ఏడాది ఆ తగిలింపు కూడా లేకుండా, దూరం నుంచే కారులోకి చొరబడ్డారు. కారు పేరు వాళ్లు చెప్పలేదు. జనం పెద్దగా పట్టించుకోనూ లేదు.

2015 జులైలో వచ్చిన వార్త అలా మరుగున పడలేదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ హైవే మీద ఒక విలేకరి జీప్ చెరొకీ నడుపుతున్నాడు. ప్రయోగం జరుగుతోందని అతనికి తెలుసు, ఏం జరగబోతోందో తెలియదు. మైళ్ల దూరంలో ఇంట్లో కూర్చున్న భద్రతా పరిశోధకులు చార్లీ మిల్లర్, క్రిస్ వలాసెక్ అతని కారులో ఏసీ పెంచారు, రేడియో హోరెత్తించారు, వైపర్లు ఆడించారు. చివరికి యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి వేగం అందుకోకుండా చేశారు. వాళ్లు చొరబడిన దారి పాటలు, మ్యాపులు చూపే తెర! ఫియట్ క్రైస్లర్ 14 లక్షల వాహనాలను రీకాల్ చేసి, సరిచేసిన సాఫ్ట్‌వేర్‌ను యూఎస్‌బీ డ్రైవుల్లో పెట్టి యజమానులకు పోస్టులో పంపింది. పోస్టులో వచ్చిన డ్రైవును నమ్మి కారుకు తగిలించమనడం కొత్త ప్రమాదానికి తలుపు తీయడమే. 2017లో ఆ ఇద్దరూ అప్పట్లో డ్రైవరు లేని కార్లు తయారుచేస్తున్న సంస్థ క్రూజ్‌లో భద్రత పనికి చేరారు.

చొరబాట్ల కథ అందరికీ తెలిసింది. అంతగా చర్చకు రానిది వయసు సమస్య. 2021లో టెస్లా సుమారు 1,35,000 మోడల్ ఎస్, ఎక్స్ కార్లను రీకాల్ చేసింది. రాతలు పడీ పడీ 8 జీబీ మెమొరీ చిప్ అరిగిపోతోంది, దాంతో తెర ఆరిపోయి వెనుక కెమెరా దృశ్యమూ పోతోంది. బాడీ, మోటారు గట్టిగానే ఉన్నా గోరంత చిప్పు ముందే ముసలిదైపోయింది. మరుసటి ఏడాది అమెరికాలో టెలికాం సంస్థ ఏటీ అండ్ టీ 3జీ సేవలు ఆపేయడంతో చాలా పాత కార్లలో ప్రమాదం జరిగితే దానంతటదే సాయం పిలిచే సదుపాయం మూగబోయింది.

ఐక్యరాజ్యసమితి ఆర్155 నియమం ప్రకారం 2024 జులై నుంచి ఐరోపాలో అమ్మే ప్రతి కొత్త కారుకూ సైబర్ భద్రత ఏర్పాట్లు తప్పనిసరి. కానీ ఎన్నేళ్లపాటు అప్‌డేట్లు ఇవ్వాలో అందులో అంకె లేదు. అమెరికా రోడ్ల మీద కార్ల సగటు వయసు 12 ఏళ్లు దాటింది. స్టీరింగ్ పట్టే మనిషే లేని బండికి ఆ అంకె మరీ అవసరం. తయారీదారు దాన్ని ధరతో పాటు రాసివ్వాలి, కొనేవారు సంతకానికి ముందే అడిగి తీసుకోవాలి.