సంతకం తరువాత సభ: విదేశాంగ విధానంపై భారత పార్లమెంటు పరిశీలన

విదేశాలతో ఒప్పందం చేసుకొనే అధికారం ఎవరిది, దానికి చట్టసభ అనుమతి అవసరమా కాదా అన్న ప్రశ్నకు భారత రాజ్యాంగంలో సూటిగా జవాబు చెప్పే అధికరణం లేదు. ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితాలో 10 నుంచి 15 వరకు గల అంశాలు విదేశీ వ్యవహారాలు, రాయబార సంబంధాలు, ఐక్యరాజ్యసమితి, అంతర్జాతీయ సమావేశాలు, ఒప్పందాలు, యుద్ధం, శాంతి అన్నింటినీ పార్లమెంటు శాసనపరిధిలో చేర్చాయి. పార్లమెంటు చట్టం చేయగల విషయాలన్నింటా కేంద్ర ప్రభుత్వానికి కార్యనిర్వాహక అధికారం ఉంటుందని 73వ అధికరణం, అంతర్జాతీయ ఒప్పందాల అమలుకు రాష్ట్రాల పరిధిలోని అంశాలపై సైతం పార్లమెంటు చట్టం చేయవచ్చునని 253వ అధికరణం చెబుతున్నాయి. వీటిని కలిపి చదివితే, ఒప్పందాలు ఎలా చేసుకోవాలో నిర్దేశిస్తూ పార్లమెంటు ఒక చట్టం చేయనంతకాలం ప్రభుత్వం తన విచక్షణ మేరకు సంతకాలు చేయవచ్చునని తేలుతుంది. అటువంటి చట్టం నేటికీ రాలేదు. అందుచేత ధ్రువీకరణ, అనగా సంతకమైన ఒప్పందానికి దేశం తుదిగా కట్టుబడుతున్నట్లు తెలియజేయడం, అమెరికాలో సెనేట్‌కు హాజరైన సభ్యుల మూడింట రెండు వంతుల మద్దతు కోరే ప్రక్రియ కాగా, భారతదేశంలో అది మంత్రివర్గ నిర్ణయంగానే ఉంది. రాజ్యాంగం అమలులోకి వచ్చి 75 ఏళ్లు నిండిన సందర్భంలో పార్లమెంటు చరిత్రను నెమరువేసుకొనేటప్పుడు ఈ ఖాళీని గుర్తుంచుకోవలసి ఉంది. విదేశాంగ విధానంపై సభ ఎప్పుడు పట్టు సాధించింది, ఎప్పుడు శ్రోతగా మిగిలిపోయింది అన్నదానికి మూలం ఇక్కడే కనిపిస్తుంది.

వలస పాలనలోని కేంద్ర శాసనసభకు ఈ రంగంలో ప్రవేశమే లేదు. విదేశీ రాజ్యాలతో సర్కారు సంబంధాలు సభ్యుల ప్రశ్నలకు అందని విషయాలుగా ఉండేవి. స్వాతంత్ర్యం వచ్చిన నాలుగు నెలలకే, 1947 డిసెంబరు 4న, రాజ్యాంగ సభ శాసనసభగా సమావేశమైనప్పుడు ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ విదేశాంగ విధానంపై సుదీర్ఘంగా ప్రసంగించి కొత్త ఒరవడికి నాంది పలికారు. కామన్వెల్త్‌లో కొనసాగాలన్న నిర్ణయానికి 1949 ఏప్రిల్ చివర లండన్‌లో అంగీకరించి వచ్చిన నెహ్రూ, మే 16న దానిని రాజ్యాంగ సభ ముందుంచారు. హస్రత్ మొహానీ వంటివారు గట్టిగా వ్యతిరేకించినప్పటికీ మరునాడు సభ దానిని ఆమోదించింది. చట్టరీత్యా ఆ ఆమోదం అవసరం లేకపోయినా ప్రధాని దానిని కోరడం మంచి సంప్రదాయమే. కాని మాట ఇచ్చి వచ్చిన తరువాతనే సభను అడగడం కూడా ఆనాటి నుంచే సంప్రదాయమయింది. పదిహేడేళ్లపాటు ప్రధాని పదవీ, విదేశాంగ శాఖా ఒక్కరి చేతిలోనే ఉండడం వల్ల సభకు విస్తారమైన ఉపన్యాసాలు దక్కాయి గాని, కాగితాలు అంతగా దక్కలేదు.

చైనా వ్యవహారం ఈ తేడాను బట్టబయలు చేసింది. అక్సాయ్ చిన్ మీదుగా చైనా రోడ్డు వేసిన సంగతి తెలిసి 1958 అక్టోబరులో భారత ప్రభుత్వం నిరసన పత్రం పంపినా, పార్లమెంటుకు ఆ సమాచారం 1959 ఆగస్టు చివరలో, సరిహద్దులోని లాంగ్జూ వద్ద కాల్పుల తరువాత గాని అందలేదు. సభలో చెలరేగిన ఆగ్రహం ఫలితంగా 1959 సెప్టెంబరు 7న తొలి శ్వేతపత్రం వెలువడింది. ఒక విషయానికి సంబంధించిన ఉత్తర ప్రత్యుత్తరాలను, వాస్తవాలను ప్రభుత్వం సభ ముందుంచే ప్రచురణను శ్వేతపత్రం అంటారు. 1954 నుంచి రెండు దేశాల మధ్య నడిచిన లేఖలు అందులో అచ్చయ్యాయి, తరువాతి సంవత్సరాలలో ఆ వరుసలో మరికొన్ని వచ్చాయి. లోక్‌సభలో ఆ వాదోపవాదాలు సాగినప్పుడు స్పీకరు స్థానంలో ఉన్నది తెలుగువారైన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. లేఖలన్నీ బహిరంగం కావడం వల్ల నెహ్రూకు చర్చల మేజా మీద వెసులుబాటు తగ్గిపోయిందని కొందరు చరిత్రకారులు వాదిస్తారు. ఆ వాదనలో నిజం లేకపోలేదు. అయితే తప్పు సభ అడగడంలో కంటే, అడిగేదాకా చెప్పకపోవడంలోనే ఎక్కువగా ఉంది. ఏటేటా కొంచెం కొంచెంగా తెలిసివుంటే అంత ఉద్వేగం ఒక్కసారిగా పోటెత్తేది కాదు.

1962లో యుద్ధం జరుగుతుండగానే పార్లమెంటు సమావేశమయింది. సమావేశాన్ని ముందుకు జరపాలని అప్పటి రాజ్యసభ సభ్యుడు అటల్ బిహారీ వాజ్‌పేయీ తదితర జనసంఘ్ నాయకులు కోరగా నెహ్రూ అంగీకరించారు. నవంబరు 8న మొదలైన చర్చలో లోక్‌సభలో నూట అరవై మందికి పైగా సభ్యులు మాట్లాడారు. 14న సభ్యులందరూ లేచి నిలబడి తీర్మానాన్ని ఆమోదించారు. రహస్య సమావేశం జరపాలన్న సూచనను ప్రధాని తిరస్కరించారు. మరుసటి ఏడాది ఆగస్టులో ఆచార్య కృపలానీ ప్రతిపాదించిన అవిశ్వాస తీర్మానం, లోక్‌సభ చరిత్రలో మొట్టమొదటిది, అనుకూలంగా 62, వ్యతిరేకంగా 347 ఓట్లు రావడంతో వీగిపోయింది. ఇంత జరిగినా, ఓటమి కారణాలపై సైన్యం జరిపించిన హెండర్సన్ బ్రూక్స్ విచారణ నివేదికను మాత్రం ఏ ప్రభుత్వమూ సభ ముందుంచలేదు. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో చైనాతో జరిగిన ఘర్షణలో ఇరవై మంది సైనికులు మరణించినప్పుడు ఆ సెప్టెంబరులో ఉభయ సభలలోనూ రక్షణమంత్రి ప్రకటనలు వెలువడ్డాయి గాని, సరిహద్దు పరిస్థితిపై ప్రతిపక్షం కోరిన పూర్తిస్థాయి చర్చ జరగలేదు. 2025 జులైలో, పాకిస్తాన్‌పై జరిపిన సైనిక చర్య ఆపరేషన్ సిందూర్‌పై మాత్రం ఉభయ సభలు సుదీర్ఘంగా చర్చించాయి. చర్చ జరగడమా మానడమా అన్నది ఏ నియమం మీదా కాక, అధికారపక్షం అప్పటి అభిమతం మీద ఆధారపడడం ఈ 75 ఏళ్ల చరిత్రలో మారని అంశం.

ఒప్పందం అమలుకు రాజ్యాంగ సవరణో, చట్టమో అవసరమయినప్పుడు పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. తూర్పు పాకిస్తాన్ సరిహద్దులోని బేరూబారీలో కొంత భాగాన్ని ఇచ్చివేయడానికి 1958లో నెహ్రూ, పాకిస్తాన్ ప్రధాని ఫిరోజ్ ఖాన్ నూన్ అంగీకరించగా, భూభాగాన్ని వదులుకోవాలంటే రాజ్యాంగ సవరణ తప్పదని 1960లో సుప్రీంకోర్టు సలహా రూపంలో అభిప్రాయం చెప్పింది. ఆ ఏడాదే తొమ్మిదవ సవరణ వచ్చింది. ఇందుకు భిన్నంగా 1974లో కచ్చతీవు ద్వీపం శ్రీలంక వైపు పడినప్పుడు, అది వివాదాస్పద జలాలలో హద్దు నిర్ణయమే తప్ప భూభాగాన్ని వదులుకోవడం కాదన్న వైఖరితో ప్రభుత్వం విదేశాంగ మంత్రి ప్రకటనతో సరిపెట్టింది. అదే సంవత్సరం బంగ్లాదేశ్‌తో కుదిరిన భూ సరిహద్దు ఒప్పందం నలభై ఏళ్లకు పైగా ధ్రువీకరణకు నోచుకోలేదు. దీనికోసం 2013లో ప్రవేశపెట్టిన సవరణ బిల్లును పార్లమెంటు విదేశీ వ్యవహారాల స్థాయీ సంఘం పరిశీలించి 2014 డిసెంబరులో ఆమోదయోగ్యమని చెప్పింది. తొలుత బిల్లును వ్యతిరేకించిన పక్షమే అధికారంలోకి వచ్చి 2015 మేలో దానిని నూరవ సవరణగా గట్టెక్కించింది. ఆ జులై 31 అర్ధరాత్రి, చుట్టూ పరాయి దేశమే ఉన్న భారతీయ భూఖండాలు 111 బంగ్లాదేశ్‌లోను, ఆ దేశానివి 51 భారత్‌లోను కలిసిపోయాయి.

ఆర్థిక ఒప్పందాలలోనూ ఇదే కథ. ప్రపంచ వాణిజ్య సంస్థకు పునాది వేసిన మరాకెష్ ఒప్పందంపై పి.వి. నరసింహారావు ప్రభుత్వం 1994 ఏప్రిల్‌లో పార్లమెంటు ముందస్తు ఆమోదం లేకుండానే సంతకం చేసింది. అయితే అందులోని మేధా హక్కుల నిబంధనల కోసం పేటెంట్ల చట్టాన్ని సవరించవలసి వచ్చేసరికి పగ్గాలు సభ చేతికి వచ్చాయి. ఆ ఏడాది చివర తెచ్చిన ఆర్డినెన్సు గడువు తీరిపోగా, లోక్‌సభ ఆమోదించిన బిల్లు రాజ్యసభలో చిక్కుబడి, 1996లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. అమెరికా ఫిర్యాదుపై ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీలు విభాగంలో భారత్ ఓడిన తరువాత 1999లో గాని సవరణ జరగలేదు. 2005 నాటి సవరణ సమయంలో వామపక్షాల పట్టు వల్ల మూడవ సెక్షన్‌లోని ‘డి’ ఉపవిభాగం ఇప్పటి రూపం పొందింది. తెలిసిన మందుకే రూపం మార్చి, గుణం పెరగకుండా కొత్త పేటెంటు కోరడాన్ని అది అడ్డుకుంటుంది. సుప్రీంకోర్టు 2013లో నోవార్టిస్ కేసులో నిలబెట్టిన ఈ నిబంధన హైదరాబాదు ఔషధ పరిశ్రమకు ఎంత ముఖ్యమో వేరుగా చెప్పనక్కరలేదు.

అణు ఒప్పందంతో ప్రభుత్వ మనుగడే ప్రశ్నార్థకమయింది. 2005 జులై 18న అమెరికాతో సంయుక్త ప్రకటన వెలువడిన నాటి నుంచి మన్మోహన్ సింగ్ పలుమార్లు సభలకు వివరణ ఇవ్వవలసివచ్చింది. 2008 జులైలో వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకోగా, 22న జరిగిన విశ్వాస పరీక్షలో ప్రభుత్వం 256కు వ్యతిరేకంగా 275 ఓట్లతో బయటపడింది. విశేషమేమిటంటే, అంత రసాభాస జరిగినా సభ ఒప్పందంలో ఒక్క వాక్యం కూడా మార్చలేకపోయింది. రెండేళ్ల తరువాత అంతగా సందడి లేకుండా సాగిన అణు ప్రమాద పరిహార బిల్లులో మాత్రం పరికరాలు సరఫరా చేసిన కంపెనీల బాధ్యతను చేర్చి అమెరికన్ సంస్థలను ఇరకాటంలో పెట్టగలిగింది. ఆ బిల్లును పరిశీలించిన స్థాయీ సంఘానికి టి. సుబ్బరామిరెడ్డి అధ్యక్షులు. అమెరికా రియాక్టర్ల కోసం శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ప్రతిపాదించిన కేంద్రం చాలాకాలం ముందుకు సాగకపోవడానికి గల కారణాలలో ఈ నిబంధన ఒకటి.

సభా వేదికపై సాధ్యం కాని నిలకడైన పరిశీలనకు 1993 ఏప్రిల్‌లో ఏర్పడిన శాఖాపరమైన స్థాయీ సంఘాలు దారి తీశాయి. 1954 నుంచి ఉన్న సంప్రదింపుల సంఘాలకు మంత్రులే అధ్యక్షత వహిస్తారు గనుక వాటిలో సభ్యులు వినడమే ఎక్కువ. విదేశీ వ్యవహారాల స్థాయీ సంఘంలో అధ్యక్షుడు సభ్యులలో ఒకరు, మంత్రికి చోటు లేదు, విదేశాంగ కార్యదర్శి వచ్చి సమాధానం చెప్పాలి. లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10 మంది సభ్యులు ఉండే ఈ సంఘం గ్రాంట్ల పద్దులను, అనగా శాఖ అడిగే సొమ్ము వివరాలను, ఏటా క్షుణ్ణంగా చూస్తుంది. సభలో చాలా శాఖల పద్దులు చర్చ లేకుండానే ఒక్క ఊపులో ఆమోదం పొందే గిలెటిన్ పద్ధతి స్థిరపడిపోయినందున, విదేశాంగ శాఖ ఖర్చును నిజంగా చదివేది ఈ సంఘమే. కేంద్ర బడ్జెట్టులో ఈ శాఖ వాటా ఒక శాతానికి చేరదని, విదేశాంగ సర్వీసులో అధికారుల సంఖ్య దేశ అవసరాలకు చాలదని వేర్వేరు పార్టీల అధ్యక్షుల హయాంలో ఒకే మాట మళ్లీ మళ్లీ వినిపించడం, ఈ సంఘానికి పార్టీలకు అతీతమైన జ్ఞాపకశక్తి ఉందనడానికి నిదర్శనం. శశి థరూర్ అధ్యక్షతన 2018లో చైనాతో డోక్లామ్ ప్రతిష్టంభనపై నివేదిక వచ్చింది. అయితే సంఘం గడువు ఏడాది మాత్రమే. సిఫార్సులకు శాఖ మూడు నెలల్లో జవాబు చెప్పాలే గాని పాటించి తీరాలన్న నియమం లేదు.

ఒప్పందాలకు చట్టం కావాలన్న వాదన సభలో అనధికార బిల్లుల రూపంలో 1990లలోనే వినిపించింది. జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య అధ్యక్షతన ఏర్పడిన రాజ్యాంగ సమీక్షా సంఘం 2002లో ఈ దిశగానే సిఫార్సు చేసింది. అందులో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి, జస్టిస్ కొత్తపల్లి పున్నయ్య సభ్యులు. ప్రతిపక్షంలో ఉన్నంతకాలం ఈ కోరికను బలపరచిన పార్టీలు అధికారంలోకి రాగానే దానిని అటకెక్కించాయి.

ఈ పెద్ద ప్రశ్నల నీడలో పత్రికల దృష్టికి అంతగా రాని ఒక పని ప్రశ్నోత్తరాలలో నడుస్తూ ఉంటుంది. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కార్మికులు, గోదావరి, కడప జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటి పనులకు వెళ్లిన స్త్రీలు అక్కడ జైళ్లలో ఎందరున్నారు, ఎందరు మరణించారు, జీతం బకాయిల ఫిర్యాదులు ఎన్ని అందాయి అని సభ్యులు అడిగే ప్రశ్నలకు శాఖ దేశాలవారీగా అంకెలు ఇవ్వవలసి వస్తుంది. స్నేహ దేశాన్ని అమర్యాదగా ప్రస్తావించరాదన్న సభా నియమం వల్ల ఈ ప్రశ్నలు ఎంతో జాగ్రత్తగా రాసినవై ఉంటాయి. ఆ పొడి మాటలకు వచ్చే పట్టికలే వలస కార్మికుల స్థితిపై అందుబాటులో ఉన్న ముఖ్యమైన అధికారిక ఆధారాలలో ఒకటి. ఈ వలసలను నియంత్రించేందుకు 1983లో వచ్చిన ఎమిగ్రేషన్ చట్టం కాలం చెల్లినదని, కొత్త చట్టం తేవాలని స్థాయీ సంఘం పదే పదే కోరింది. ప్రజాభిప్రాయం కోసం 2021లో ఒక ముసాయిదా వెలువడింది. సభలో ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెబుతూ మంత్రి పరిశీలిస్తామనో సమాచారం సేకరిస్తామనో మాట ఇస్తే, దానిని హామీల సంఘం నమోదు చేసుకొని మూడు నెలల గడువుతో వెంబడిస్తుంది. గడువు పెంచమని కోరే అవకాశం శాఖకు ఉంది.