చెవిన పడిన అక్షరాలు

1952లో న్యూయార్క్‌లో కవితాపఠనానికి వచ్చిన డిలన్ థామస్‌కి ఇద్దరు స్నేహితురాళ్లు ఒక చీటీ పంపారు. బార్బరా కోహెన్, మరియన్ రోనీ. ఇద్దరికీ 22 ఏళ్లు, హంటర్ కాలేజీలో గ్రీకు చదువుకున్నవాళ్లు. ఆయన గొంతు రికార్డు చేసి అమ్ముతామన్నది ప్రతిపాదన. చీటీ కింద పూర్తి పేర్లు రాయలేదు, పొడి అక్షరాలే పెట్టారు. ఆడపిల్లలని తెలియకూడదని. షార్లెట్ బ్రాంటీ కర్రర్ బెల్‌గా దాక్కుని అప్పటికి నూరేళ్లు దాటింది!

అలా పుట్టిన కేడ్‌మన్ రికార్డ్స్‌తోనే అమెరికాలో శ్రవ్యపుస్తకాల వ్యాపారం నిలదొక్కుకుంది. థామస్‌కి 500 డాలర్లు అడ్వాన్సు ఇచ్చారు. తీరా చూస్తే ఆయన చదవాలనుకున్న కవితలతో రికార్డు నిండలేదు. ఖాళీ పూరించడానికి వేల్స్‌లో తన చిన్ననాటి క్రిస్మస్ గురించిన కథ చదివాడు. జనం ఎగబడి కొన్నది ఆ కథ కోసమే.

శ్రోతగా నాకిందులో ఆశ్చర్యం లేదు. థామస్ కవితలు చదువుతుంటే ఆ గంభీరమైన గొంతు కవితను మింగేస్తుంది. ఏం చెప్పాడని ఎవరైనా అడిగితే తడుముకోవాలి. కథ దగ్గర ఆ గొంతే కాస్త దిగివచ్చి పక్కన కూర్చుంటుంది. యూడోరా వెల్టీ తన పోస్టాఫీసు కథను చదివిన కేడ్‌మన్ రికార్డు ఇంకా నచ్చుతుంది. ఇంట్లో అందరితో తగువు పడి, సామాను సర్దుకుని పోస్టాఫీసుకు మకాం మార్చిన అమ్మాయి తన వాదన వినిపిస్తుంది అందులో. పిట్టగోడ మీద మోచేతులాన్చి పక్కింటావిడ చెబుతున్నట్టే ఉంటుంది. అది చెవి కోసమే పుట్టిన కథ.

అలాగని కవిత్వాన్ని కొట్టిపారేయలేను. 1962 అక్టోబరు 30న సిల్వియా ప్లాత్ తన కవితలు చదివిన రికార్డింగు ఉంది. మరో మూడున్నర నెలలకు ఆమె లేదు. ఆ మరణాన్ని ముందు పెట్టుకుని ఆ కవితల్ని ఏడుపుగా చదివే విమర్శకులు ఒక్కసారి ఆ గొంతు వినాలి. ఏడుపు ఎక్కడా లేదు. వెటకారం ఉంది, తొణకని కోపం ఉంది. ఏ మాట మీద ఎంత బరువు వేయాలో ఆమెకి బాగా తెలుసు.

నవల సంగతి వేరు. 1934లో అమెరికాలో అంధుల కోసం మాట్లాడే పుస్తకాలు వచ్చినప్పుడు రికార్డు ఒక వైపు పావుగంటకు మించి పట్టేది కాదు. ఒక్క నవలకి రికార్డుల దొంతరే కావాలి. పైగా రచయితల, ప్రచురణకర్తల హక్కుల ఒప్పందం ప్రకారం వాటిని చూపున్నవాళ్లకి అమ్మకూడదు. పూర్తి నవలను వినే అలవాటు ముందుగా అబ్బింది చూపులేనివాళ్లకే. ఈ చరిత్ర రాసేవాళ్లు వాళ్లను ఓ పేరాతో సరిపెట్టేయడం నాకు బాధ కలిగిస్తుంది. నా మటుకు నవల వినేటప్పుడు నటించే గొంతుకన్నా చదివే గొంతే మేలు. పాత్రకో గొంతు పెడితే పదో అధ్యాయానికల్లా విసుగొస్తుంది.

విమర్శ మాత్రం చెవికి లొంగదు. పక్కన గీత గీసుకోవాలి, వెనక్కి వెళ్లి తగువు పెట్టుకోవాలి. వింటూ పోతే ఒప్పేసుకునే ప్రమాదం ఉంది.

"విన్నదాన్ని చదివానని ఎలా అంటావు?" అని సాహిత్యశాఖల్లో ఇప్పటికీ అడుగుతారు. నాటకం కాని కావ్యానికల్లా శ్రవ్యకావ్యమని పేరు పెట్టుకున్న మనం ఆ మాట అడగడం విడ్డూరం. పురాణ కాలక్షేపాల్లో విని భారతమంతా నోటికి పట్టిన ఆడవాళ్లను కూడా చదువురానివాళ్ల జాబితాలోనే వేశాం కదా.

మరియన్, బార్బరా 1970లో సంస్థను అమ్మేశారు. 2023లో ఒకరు, 2025లో మరొకరు వెళ్లిపోయారు. వాళ్ల మొదటి రికార్డు 2008లోనే అమెరికా జాతీయ రికార్డింగుల పట్టికకెక్కింది, డిలన్ థామస్ పేరు మీద.