ముందు అద్దం వెనుక కథ

1930 అక్టోబరు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, స్నోక్వాల్మీ కనుమ దారి. కొని ఆరు నెలలైనా కాని ఫోర్డ్ మోడల్ ఏ కారు ఒకటి ఆ దారిన వెళుతోంది. పక్క నుంచి పోయిన మరో బండి చక్రం కింద నుంచి గులకరాయి ఎగిరి ముందు అద్దానికి తగిలింది. గాజు తునకలు నడుపుతున్నాయన ఎడమ కంట్లో పడ్డాయి. ఆ కన్ను పోయింది, కుడి కన్ను కూడా దెబ్బతింది. కంపెనీ ప్రచార పుస్తకంలో మాత్రం ఎంత గట్టి దెబ్బ తగిలినా ఈ అద్దం ముక్కలై చిందదని రాసి ఉంది. ఆ మాట నమ్మి కొన్నానంటూ ఆయన కోర్టుకెక్కాడు. కారు అమ్మింది డీలరు. కొన్నాయనకూ కంపెనీకీ మధ్య నేరుగా ఒప్పందమేమీ లేదు. అయినా 1932లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కంపెనీని వదిలిపెట్టలేదు. అద్దం పగులుతుందో లేదో మామూలు మనిషి చూసి తేల్చుకోలేడు కాబట్టి, ప్రచారంలో చెప్పిన మాటకు తయారీదారే జవాబుదారీ అంది. తయారీదారుల బాధ్యత గురించి చదువుకునే న్యాయ విద్యార్థులకు ఈ తీర్పు ఇప్పటికీ పాఠమే.

కారు కొనేటప్పుడు మైలేజీ అడుగుతాం, డిక్కీలో ఎన్ని సూట్‌కేసులు పడతాయో అడుగుతాం. ముందు అద్దం గురించి అడిగేవాళ్లు అరుదు. కానీ కారులో ఇంతమంది కళ్లూ ముఖాలూ పణంగా పెట్టి మెరుగుపడిన భాగం మరొకటి ఉండదేమో.

తొలినాటి కార్లకు అసలు ముందు అద్దమే లేదు. గుర్రబ్బండి మీద కూర్చున్నట్టు గాలికి ఎదురుగా కూర్చుని నడిపేవారు. దుమ్ము నుంచి కాపాడుకోవడానికి కళ్లకు గాగుల్స్, ఒంటికి పొడవాటి కోటు. 1904 ప్రాంతంలో డబ్బు అదనంగా కడితే అద్దం బిగించడం మొదలైంది. అది కిటికీలకు వాడే మామూలు గాజు పలకే. అడ్డంగా రెండు ముక్కలుగా ఉండేది, మధ్యలో మడతబందులు. పై ముక్క దుమ్ము పట్టి దారి కనబడకపోతే దాన్ని కిందికి మడిచేసి దాని మీదుగా చూస్తూ నడిపేవారు. గాలికి, దుమ్ముకు అది బాగానే అడ్డుపడింది. గుద్దుకున్నప్పుడు మాత్రం అదే కత్తి అయింది. పగిలిన గాజు కోరలు ముఖాల్లో, మెడల్లో దిగబడేవి.

దీనికి విరుగుడు కారు కర్మాగారంలో పుట్టలేదు. 1903లో పారిస్‌లో ఎడువార్ బెనెడిక్టస్ అనే ఆయన ప్రయోగశాలలో ఒక గాజు కుప్పె పైనుంచి కింద పడింది. బెనెడిక్టస్ రసాయన శాస్త్రవేత్తే కాదు, చిత్రకారుడు కూడా. పడ్డ కుప్పె బీటలు వారింది కానీ ముక్కలుగా విడిపోలేదు. చూస్తే, ఒకప్పుడు అందులో పోసిన సెల్యులోజ్ నైట్రేట్ ద్రావణం ఎండిపోయి లోపలి గోడలకు పలచని పొరలా అంటుకుని ఉంది. పగిలిన ముక్కల్ని పట్టి ఉంచింది ఆ పొరే. తర్వాత కారు ప్రమాదాల్లో గాజు కోసుకుని జనం గాయపడుతున్నారని పత్రికల్లో చదివినప్పుడు ఆయనకు ఆ కుప్పె గుర్తుకొచ్చిందని చెబుతారు. రెండు గాజు పలకల మధ్య ఒక పొరను అతికించి, 1909లో పేటెంటు తీసుకున్నాడు. మూడు పొరలు కాబట్టి ట్రిప్లెక్స్ అని పేరు పెట్టాడు.

కార్ల కంపెనీలు ఖర్చుకు జంకి వెంటనే తీసుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల గ్యాస్ మాస్కుల కళ్లద్దాలకు ఈ గాజు ముందుగా అక్కరకొచ్చింది. ఆ తర్వాతే అది కార్లకెక్కింది. 1920ల చివర్లో మోడల్ ఏ కారు ముందు అద్దంగా మామూలు కొనుగోలుదారు దాకా వచ్చింది. వచ్చినా లోటు తీరలేదు. మధ్య పొర ఎండకు పసుపు రంగు తిరిగేది, చలికి పెళుసెక్కేది. 1930ల చివర్లో పాలీవినైల్ బ్యూటిరాల్ అనే సాగే ప్లాస్టిక్ పొర వచ్చాక గానీ ఆ బెడద తీరలేదు. నేటికీ ముందు అద్దాల్లో ఉండేది అదే.

ఇవాళ్టి అద్దం అంచును దగ్గరగా చూస్తే సుమారు 2 మిల్లీమీటర్ల గాజు పలకలు రెండు, వాటి మధ్య సన్నని గీతలా ఆ పొర కనిపిస్తాయి. పొర మందం ముప్పాతిక మిల్లీమీటరు. ఈ మూడింటినీ 140 డిగ్రీల ప్రాంతపు వేడిలో, వాతావరణ పీడనానికి పది రెట్లకు మించిన ఒత్తిడితో ఒకటిగా అతికిస్తారు. పొర మందానికీ ఓ చరిత్ర ఉంది. 1960ల మధ్య దాకా అది ఇందులో సగమే ఉండేది. గుద్దుకున్నప్పుడు తల ఆ పలచని పొరను చీల్చుకుని బయటికి పోయేది, వెనక్కి వచ్చేటప్పుడు మెడ చుట్టూ కోసుకుపోయేది. 1966 మోడల్ కార్ల నుంచి అమెరికాలో పొరను రెట్టింపు చేశారు. ముఖానికి, మెడకు తగిలే ఘోరమైన గాయాలు ఒక్కసారిగా తగ్గాయి. నా దృష్టిలో సీటు బెల్టు సరసన నిలబడదగ్గ మార్పు అది. కానీ ఆ సంగతి తెలిసినవాళ్లు ఎంతమంది?

గాజు నునుపుకు కూడా ఇంగ్లండులోని సెయింట్ హెలెన్స్‌కు రుణపడి ఉన్నాం. అంతకుముందు వంపు లేని స్పష్టమైన పలక కావాలంటే రెండు వైపులా అరగదీసి పాలిష్ పట్టాలి. ఆ ఊళ్లో అలస్టయిర్ పిల్కింగ్టన్ బృందం కరిగిన తగరం మీద కరిగిన గాజును తేలనిచ్చి పలక తీసే పద్ధతి కనిపెట్టింది. ఏళ్ల తరబడి శ్రమించి 1959లో దాన్ని లోకానికి చెప్పారు. ఫ్లోట్ గ్లాస్ అంటే అదే.

అద్దం వచ్చాక దాన్ని తుడవడం పెద్ద సమస్య అయింది. అమెరికాలోని అలబామాకు చెందిన మేరీ ఆండర్సన్ ఒక చలికాలంలో న్యూయార్క్ వెళ్లింది. అక్కడి ట్రామ్ డ్రైవరు మంచు వాన వల్ల ముందు దారి కనబడక, అద్దం తెరిచి చలిగాలి ముఖాన కొడుతుంటే నడపడం చూసింది. ఇంటికి వచ్చి, లోపలున్న పిడిని తిప్పితే బయట రబ్బరు అంచున్న చేయి అద్దాన్ని తుడిచే సాధనాన్ని గీసింది. 1903 నవంబరు 10న పేటెంటు వచ్చింది. కెనడాలో ఒక సంస్థకు అమ్మజూపితే, వ్యాపారానికి అంత విలువైనదిగా తోచలేదని జవాబిచ్చారు. 1920లో పేటెంటు గడువు తీరింది. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే వైపర్లు కార్లకు మామూలు సామాను అయిపోయాయి. ఆమెకు పైసా రాలేదు. 1953లో కన్నుమూసిన మేరీ ఆండర్సన్‌కు అమెరికా ఆవిష్కర్తల కీర్తి మందిరంలో చోటు దక్కింది 2011లో.

చేత్తో తిప్పే పిడి పోయి ఇంజను పీల్పుతో నడిచే వైపర్లు వచ్చాయి. వీటితో ఓ చిక్కు. యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే పీల్పు తగ్గిపోతుంది. అంటే వానలో ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడో, ముందు బండిని దాటుతున్నప్పుడో, సరిగ్గా అద్దం శుభ్రంగా ఉండాల్సిన సమయానికి వైపరు చతికిలపడేది. అయినా అమెరికాలో కొన్ని కార్లలో 1970ల తొలినాళ్ల దాకా ఇవి కొనసాగాయి. మిగతావాళ్లు కరెంటు మోటారుకు మారారు.

జల్లు పడుతున్నప్పుడు వైపరు కాస్త ఆగి ఆగి తిరగాలన్న ఆలోచన వెనక కూడా ఒక కన్ను ఉంది. రాబర్ట్ కెర్న్స్ అనే ఇంజనీరు 1953లో పెళ్లినాటి రాత్రి షాంపేన్ సీసా మూత ఎగిరి తగిలి ఎడమ కంటి చూపు దాదాపు పోగొట్టుకున్నాడు. పదేళ్ల తర్వాత చినుకుల్లో కారు నడుపుతూ, రెప్ప ఆగి ఆగి వేస్తాం కదా, వైపరు ఎందుకలా తిరగకూడదనుకున్నాడు. కొద్దిపాటి ఎలక్ట్రానిక్ భాగాలతో చేసి, ఫోర్డ్ ఇంజనీర్లకు చూపించాడు. 1967లో పేటెంటు వచ్చింది. ఫోర్డ్ ఆయనతో ఒప్పందం చేసుకోలేదు. అలాంటి వైపర్లు మాత్రం 1969లో దాని కార్లలోకి వచ్చేశాయి. ఆయన 1978లో దావా వేశాడు. 1990లో ఫోర్డ్ కోటీ రెండు లక్షల డాలర్లకు రాజీపడింది. క్రైస్లర్ మీద గెలిచిన కేసులో సుమారు మూడు కోట్ల డాలర్లు వచ్చాయి. ఈ లోపల ఆయన సంసారం చెదిరిపోయింది. ఇవాళ మన కారులో వైపరు మీట ఒక గడి కదిపినప్పుడల్లా వాడుకుంటున్నది ఆయన ఆలోచననే.

ఇక మన రోడ్ల సంగతి. మన దగ్గర చాలాకాలం ముందు అద్దాలకు పొర పెట్టి అతికించిన లామినేటెడ్ గాజు బదులు టఫెన్డ్ గ్లాస్ వాడారు. గాజును 600 డిగ్రీలకు పైగా కాల్చి గాలితో గబుక్కున చల్లారిస్తే అది గట్టిపడుతుంది. పగిలినా మొద్దు అంచుల చిన్న పలుకులవుతుంది తప్ప కోరలు లేవవు. పక్క కిటికీలకు అది మంచిదే. ముందు అద్దానికి మాత్రం ప్రమాదం. రాయి తగిలిన మరుక్షణం అద్దమంతా తెల్లబడిపోయి ఎదుట ఏమీ కనబడదు. ఆనాటి లారీ డ్రైవర్లు పిడికిలితో గుద్ది కన్నం చేసుకుని బండిని పక్కకు తీసేవారు. కేంద్ర మోటారు వాహన నిబంధనలకు 1993లో చేసిన సవరణతో ఇది మారింది. మూడేళ్ల గడువు తర్వాత తయారయ్యే వాహనాల ముందు అద్దానికి లామినేటెడ్ గాజు తప్పనిసరి అయింది. ట్రాక్టర్లకు, ద్విచక్ర వాహనాలకు మినహాయింపు ఇచ్చారు.

అద్దం బిగించే పని కూడా మారింది. 1960ల్లో మొదలైన విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల అంబాసిడర్‌కో లారీకో అద్దం ఎక్కించడం ఇద్దరు మనుషుల పని. ముందు అద్దం చుట్టూ రబ్బరు బీడింగు తొడుగుతారు. బీడింగు గాడిలో సన్నని తాడు చుట్టూ దూర్చి, రెండు కొసలూ లోపలికి వేలాడదీస్తారు. జారడానికి సబ్బు నీళ్లు పూస్తారు. ఒకరు బయట నుంచి అరచేతులతో అద్దాన్ని అదిమి పడితే, ఇంకొకరు లోపల కూర్చుని తాడును కొద్దికొద్దిగా లాగుతారు. తాడు వస్తున్నకొద్దీ రబ్బరు పెదవి రేకు అంచు మీదికి ఎక్కి కూర్చుంటుంది. తొందరపడి ఒక్క మూల లాగితే అద్దం టప్పుమంటుంది.

ఇప్పటి కార్లలో ఆ తాడు లేదు, నల్లటి జిగురు ఉంది. యూరథేన్ జిగురుతో అద్దాన్ని బాడీకి అతికిస్తారు. అది కారు చట్రంలో భాగమైపోతుంది, పైకప్పు బలానికి సాయపడుతుంది. డ్రైవరు పక్క సీటు ముందున్న ఎయిర్‌బ్యాగు తెరుచుకునేటప్పుడు ఆనేది కూడా ఈ అద్దానికే. అందుకే కొత్త అద్దం వేయించాక జిగురు పట్టేదాకా కొన్ని గంటలు కారు తీయొద్దని చెబుతారు. చెప్పకపోతే మనమే అడగాలి. చవకగా దొరికిందని ఏ జిగురుతోనో వేయించుకున్న అద్దం ప్రమాదం జరిగిన క్షణంలో ఊడిపోతే, ఎయిర్‌బ్యాగు ఉండీ లాభం లేదు.

చూపుకు అడ్డం పడే అలవాట్లు కొన్ని మనవే. నల్ల ఫిల్ముల మోజు మీద సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న తీర్పిచ్చింది. అద్దాల మీద అంటించే ఫిల్ములను నిషేధించింది. నిబంధనల ప్రకారం ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు పోవాలి. మనం పట్టించుకోనివీ ఉన్నాయి. దసరాకు వాహన పూజ చేసి అద్దం నిండా పసుపు కుంకుమ బొట్లు పెడతాం, అడ్డంగా పూలదండ కడతాం, అద్దం పైభాగాన దేవుడి పేరో ఇంటి పేరో స్టిక్కరు వేయిస్తాం. పూజ తప్పు కాదు. బొట్టు బానెట్ మీద పెట్టినా పూజే. పొడి బొట్ల మీద వైపరు తిప్పితే రబ్బరు కింద నలిగిన రేణువులు అద్దం మీద గీతలు పెడతాయి. రాత్రి ఎదుటి బండి లైటు పడ్డప్పుడు ఆ గీతలే వలలా మెరిసి కళ్లు బైర్లు కమ్మేలా చేస్తాయి.

వైపరు పనిచేయని రోజుల్లో మన పాత లారీ డ్రైవర్లు అద్దం మీద పొగాకో, కోసిన బంగాళాదుంప ముక్కో రుద్దేవారు. నీళ్లు బొట్లు బొట్లుగా నిలవకుండా పలచగా జారిపోతాయని వాళ్ల అనుభవం. అంత అవస్థ మనకు లేదు. ఉన్న సౌకర్యాన్ని వాడుకోకపోవడమే మన తప్పు.

కంకర టిప్పరు వెనక ఆనుకుని వెళ్లకండి. రాయి తగిలే వేగంలో ఎగిరిన రాయి వేగమొక్కటే కాదు, మన బండి వేగం కూడా కలుస్తుంది. తగిలిన చోట రూపాయి బిళ్లంత లోపు చిల్లు పడితే, అందులో దుమ్మూ నీరూ చేరకముందే షాపుకు తీసుకెళ్లండి. రెజిన్ ఎక్కించి పగులు ముదరకుండా ఆపే పని 1970ల నుంచే వాడుకలో ఉంది. రోహిణి కార్తె ఎండలో కాగిన అద్దం మీదికి ఒక్కసారిగా ఏసీ చల్లగాలి వదలకండి, చన్నీళ్లు గుమ్మరించకండి. చిన్న చిల్లు ఈ మూల నుంచి ఆ మూలకు గీత కావడానికి అంత చాలు. వాషర్ ట్యాంకులో నీళ్లు ఉన్నాయో లేదో వానాకాలం ముందే చూసుకోండి. ఇవాళ బండి దగ్గరికి వెళ్లినప్పుడు వైపరు చేయి పైకెత్తి, రబ్బరు అంచును వేలితో తడమండి. అంచు చిట్లినా, గట్టిపడినా ఈ వారంలోనే మార్పించండి.