మింగితే సరిపోయిందా?

ఒంట్లో చొరబడ్డ క్రిముల్ని తెల్ల రక్తకణాలు మింగేస్తాయని మెచ్నికోవ్ 1880లలోనే చెప్పాడు. 1908లో నోబెల్ బహుమతీ అందుకున్నాడు. బాగానే ఉంది. మరి మింగిన క్రిమి చావకపోతే?

1957లో అమెరికాలోని మిన్నెసోటా డాక్టర్లు నలుగురు మగపిల్లల గురించి రాశారు. మాటిమాటికీ చీముగడ్డలు. తెల్లకణాలకేమో కొదవలేదు! జబ్బు పేరులోనే ‘ప్రాణాంతకం’ అని చేర్చారంటే, ఆ తల్లులు ఎలా విన్నారో పాపం. పైగా ఆ లోపం చాలావరకు తల్లి నుంచే కొడుక్కి వస్తుంది.

1967లో అక్కడే పాల్ క్వీ, బ్యూలా హోమ్స్ తదితరులు గుట్టు విప్పారు. ఆ పిల్లల కణాలు క్రిముల్ని శుభ్రంగా మింగుతున్నాయి, చంపలేకపోతున్నాయి. మామూలు కణమైతే మింగుతూనే ఆక్సిజన్ గబగబా లాక్కుంటుంది; వీళ్ళవి లాక్కోలేదు.

ఆ పని చేయించేది ఒక ఎంజైము. ఆకు, వక్క, సున్నం దేనికది ఉన్నంతసేపూ ఎరుపెక్కడిది? నోట్లో కలిస్తేనే కదా పండేది! ఇదీ అంతే. దాని ముక్కలు కొన్ని కణం పొరలో, కొన్ని లోపలి ద్రవంలో విడిగా ఉంటాయి. క్రిమి తగలగానే ఒకచోట చేరి, ఆక్సిజన్‌ను క్రిముల పాలిటి విషంగా మారుస్తాయి. అస్తమానం కలిసే ఉంటే మన ఒంటికే చేటు. ఆ పిల్లల్లో వీటిలో ఏదో ఒక ముక్క కొరవడింది.

ఇప్పుడు రోజూ మందులు వాడుతూ, కొందరు మూలుగ మార్పిడి చేయించుకుని, ఆ జబ్బున్న పిల్లలు చాలామంది పెద్దవాళ్ళవుతున్నారు. జబ్బు పేరులో ‘ప్రాణాంతకం’ పోయి ‘దీర్ఘకాలిక’ వచ్చింది.