బొంబాయిలో బిగించిన అమెరికా కార్లు

పాత అమెరికా కారు మొదటిసారి కొనాలనుకునే మనవాళ్లు ముందు దాని పుట్టుక తెలుసుకోవాలి. 1928లో జనరల్ మోటార్స్ బొంబాయిలో షెవ్రోలె కార్లు బిగించడం మొదలుపెట్టింది. విడిభాగాలు ఓడల్లో వచ్చేవి. స్వాతంత్ర్యం వచ్చాక కుర్లాలో ప్రీమియర్ సంస్థ డాడ్జ్, ప్లిమత్, డిసోటో బళ్లు బిగించింది. భాగాలన్నీ ఇక్కడే తయారు కావాలని ప్రభుత్వం పట్టుబట్టాక, 1954లో జనరల్ మోటార్స్ మూటాముల్లె సర్దుకుంది. తర్వాత ఆ బళ్లను బతికించింది వీధి మెకానిక్కులే.

కొనేముందు రంగు చూసి మురిసిపోకండి. చాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోయిందో చూడండి. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారును వింటేజ్‌గా నమోదు చేయించవచ్చు, రోజూ తిప్పకూడదు. తాతగారి కారు మీ ఇంట్లో ఉందా? తూకానికి అమ్మేముందు కాగితాలు వెతకండి.