పదింటికల్లా ఓడెక్కాలి

సాయంత్రం నాలుగు. గ్యాంగ్‌వే దగ్గర రిజిస్టర్‌లో సంతకాలు పెట్టి ఇద్దరు క్యాడెట్లు దిగుతున్నారు. ముందు భీమిలి కుర్రాడు, డెక్ క్యాడెట్. వెనక కాకినాడ ఇంజిన్ క్యాడెట్, ఏడాది సీనియర్. ఎంత తోమినా గోళ్లలో నల్ల నూనె వదల్లేదు. పదింటికల్లా ఓడ మీద ఉండాలన్నది చీఫ్ ఆఫీసర్ ఆర్డర్.

ఆంట్వెర్ప్ రేవులోని ఈ డ్యూర్‌గాంక్ డాక్‌కు లాక్ గేట్లు లేవు. షెల్ట్ నదికి పోటు వస్తే ఓడ లేస్తుంది, తీస్తే దిగుతుంది. తేడా ఐదు మీటర్ల దాకా ఉంటుంది. గ్యాంగ్‌వేనీ మోకుల్నీ సవరిస్తూనే ఉండాలి. పొద్దుటి నుంచీ ఆ పనిలో ఉన్నవాడు కనుక భీమిలి కుర్రాడు ఒక్కో మెట్టూ చూసి మరీ దిగుతున్నాడు.

వీసా అక్కర్లేదు. నావికుడి పుస్తకం సీడీసీ, షోర్ పాస్ జేబులో ఉంటే రేవునీ పక్క ఊళ్లనీ చూసి రావచ్చు. నావికుల క్లబ్బు వ్యాన్ కదిలింది. కంటైనర్ల గుట్టలు, డూల్ అణు విద్యుత్ కేంద్రం కూలింగ్ టవర్లు, మళ్లీ కంటైనర్లు. ఆంట్వెర్ప్ ఊరు మాత్రం ఎక్కడా కనపడదు.

ఎడమ ఒడ్డున దిగితే ఊరు నదికి అవతల. ఇక్కడ వంతెన లేదు, కిందనుంచి సొరంగాలే. 1933లో తెరిచిన సెయింట్ ఆన్ సొరంగంలోకి చెక్క ఎస్కలేటర్లు కటకటలాడుతూ దింపుతున్నాయి. ఇంజిన్ క్యాడెట్ వంగి మెట్టు అంచు తడిమాడు.

“అన్నా, టైమైపోతోంది.”

“ఆగరా. తొంభై ఏళ్లు దాటిన మెషీన్ ఇది. మన కంప్రెసర్ తొమ్మిదేళ్లకే ఏడుస్తోంది.”

కింద తెల్ల టైల్స్ గొట్టం, 572 మీటర్లు. సైకిళ్లు రయ్యిన దూసుకుపోతున్నాయి. నడిచి పైకొస్తే ఒక్కసారిగా పాత ఊరు: రాళ్లు పరిచిన సందులు, వాటి మీద 123 మీటర్ల చర్చి గోపురం. లోపల రూబెన్స్ పెద్ద పెద్ద చిత్రాలున్నాయి, కానీ తలుపులు మూసేశారు. ఓడ టైమూ మ్యూజియం టైమూ కలిసిన రోజు నావికుడి అదృష్టమే.

గ్రోటె మార్క్ట్‌లో బ్రాబో విగ్రహం. 1887 నాటిది. నదిలో పోయే పడవల దగ్గర సుంకం గుంజి, కట్టనివాడి చెయ్యి నరికే రాక్షసుడు ఆంటిగూన్. వాడి చెయ్యే నరికి నదిలోకి విసురుతున్నాడు బ్రాబో. తెగిన చేతిలోంచి నీళ్లు కారుతున్నాయి. “అంటే మొదటి పోర్ట్ ఏజెంట్ ఆ రాక్షసుడేనన్నమాట,” అన్నాడు డెక్ క్యాడెట్. కాగితపు పొట్లంలో వేడి వేడి ఫ్రైస్ కొన్నారు. మయోనైజ్ చప్పగా ఉందని సీనియర్ తిట్టుకుంటూనే చివరి ముక్క దాకా లాగించాడు. వీడియో కాల్‌లో భీమిలి కుర్రాడి అమ్మ. అక్కడ రాత్రి పదైంది. “ముందు ఆ జిప్పు పైకి లాక్కో. గోపురం తర్వాత చూపిద్దువుగాని.”

తొందరగా నడిస్తే మాస్ మ్యూజియం. మేడ పైకి టికెట్ లేదు, రాత్రి దాకా తెరిచే ఉంటుంది. అక్కణ్నుంచి కింద నెపోలియన్ హయాంలో తవ్విన డాక్. ఇప్పుడందులో షికారు పడవలు. ఒకప్పుడు కూలీలు సరుకు మోసి దించేవారు. ఓడ వారాల తరబడి ఊరి నడుమే ఉండేది, నావికుడికి వీధులు నోటికొచ్చేవి. ఓడలు పెరిగేకొద్దీ రేవు నది వెంట సముద్రం వైపు జరిగింది. క్రేన్లు ఒకటి రెండు రోజుల్లో పని తేల్చేస్తున్నాయి. నన్నడిగితే ఇందులో నష్టపోయింది నావికుడే: రేవు పట్నం చూడ్డానికి అతనికిప్పుడు వ్యాన్ కావాలి.

పదికి పావు తక్కువ. రిజిస్టర్‌లో మళ్లీ సంతకాలు. ఇరవై మందికి పైగా ఉన్న ఈ ఓడలో ఊరు చూసొచ్చింది వీళ్లిద్దరే. మిగతావాళ్లలో కొందరు డ్యూటీలో, కొందరు నిద్రలో ఉన్నారు. తెల్లారుజామున నాలుగుకి పైలట్ ఎక్కుతాడు.