గారోస్ పద్దెనిమిది రోజులు

కురుక్షేత్రం పద్దెనిమిది రోజులు. ఫ్రెంచి పైలట్ రోలాండ్ గారోస్ ప్రతాపం కూడా అన్నే రోజులు. 1915 ఏప్రిల్ 1న మొదలై 18న ముగిసింది.

అప్పటికే అతను పేరున్నవాడు. 1913 సెప్టెంబరు 23న ఫ్రాన్స్‌లోని ఫ్రెజూస్‌లో బయలుదేరి, దాదాపు ఎనిమిది గంటలు ఎగిరి ట్యునీసియాలోని బిజెర్త్‌లో దిగాడు. మధ్యధరా సముద్రాన్ని మధ్యలో ఆగకుండా విమానంలో దాటిన తొలి మనిషి అతనే. ఫ్రెంచ్ ఓపెన్ టెన్నిస్ జరిగే పారిస్ స్టేడియానికి 1928లో పెట్టింది అతని పేరే.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి పైలట్లకు ఒక చిక్కు ఎదురైంది. విమానం ముక్కు మీద మెషిన్‌గన్ పెడదామంటే ఎదురుగా తమ ప్రొపెల్లరే తిరుగుతూ ఉంటుంది. విమాన నిర్మాత సోల్నియే ఆలోచనను గారోస్ ఆచరణలోకి తెచ్చాడు. ప్రొపెల్లర్ రెక్కల మీద తూటా తగిలే చోట ఉక్కు పలకలు బిగించారు. చాలా తూటాలు సందుల్లోంచి దూసుకుపోతాయి, రెక్కకు తగిలినవి ఉక్కు మీద జారి పక్కకు పోతాయి. మొరటు ఉపాయమే. అయినా దానితోనే ఆ పద్దెనిమిది రోజుల్లో మూడు జర్మన్ విమానాలను కూల్చాడు.

ఏప్రిల్ 18న బెల్జియం మీద ఎగురుతుండగా ఇంజన్ ఆగిపోయింది. నేల మీంచి పేల్చిన తూటా తగిలిందని కొందరంటారు, ఇంధనం అందలేదని కొందరంటారు. శత్రువుల అధీనంలోని నేల మీద దిగక తప్పలేదు. దిగీదిగగానే విమానానికి నిప్పు పెట్టాడు. అది పూర్తిగా కాలలేదు. మనిషితోపాటు ప్రొపెల్లరూ శత్రువు చేతికి చిక్కింది.

నకలు చేద్దామంటే, జర్మన్ల గట్టి తూటాలకు ఆ ఉక్కు పలకలు నిలిచేవి కావు. అందుకని జర్మన్లకు విమానాలు తయారుచేసే ఫోకర్ బృందం మరో దారి పట్టింది. రెక్క ఎదురుగా వచ్చిన క్షణంలో తుపాకీ పేలకుండా దాన్ని ఇంజన్‌కే జతచేసింది. ఆ వేసవి నుంచి నెలల తరబడి మిత్రరాజ్యాల విమానాలు వరసగా నేలకూలాయి.

గారోస్ దాదాపు మూడేళ్లు ఖైదులో మగ్గాడు. 1918 ఫిబ్రవరిలో మార్షల్ అనే సాటి పైలట్‌తో కలిసి, జర్మన్ అధికారుల వేషంలో మాగ్డెబర్గ్ శిబిరం గేటు దాటాడు. స్వదేశం చేరేసరికి చూపు మందగించింది. ఎవరికీ తెలియకుండా కళ్లజోడు చేయించుకున్నాడు. ఒంటరి వేటగాళ్ల కాలం పోయి, విమానాలు దండులుగా తలపడే రోజులు వచ్చాయి. తోవ చూపినవాడే మళ్లీ ఓనమాలు దిద్దాల్సి వచ్చింది.

అయినా దిద్దాడు. అక్టోబరు 2న మరో విజయం దక్కింది. 5న వూజియే దగ్గర జరిగిన పోరులో నేలరాలాడు. మర్నాటికి ముప్పై ఏళ్లు నిండేవి. ఐదారు వారాల్లో యుద్ధమే ముగిసింది. పట్టుబడిన రోజు నుంచి పోయిన మూడేళ్లను మళ్లీ ఎగిరి రాబట్టుకోవాలనుకున్నాడు. శిబిరం నుంచి మనిషి తప్పించుకు రాగలిగాడు గానీ, ఆ కాలాన్ని వెంట తెచ్చుకోలేకపోయాడు.